మాస్టారి కుడి జేబు

రేపల్లె అవతల, కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఒక లంకలో పదకొండు వందల అంగల దారిని నేను తినేశాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను గానీ డైరీకి చెప్పడం చెప్పడం కాదు. అది "ఎందుకు చేశావు?" అని అడగదు.

పోయిన నెల మా డ్రిల్లు మాస్టారు పోయారు. తెనాలిలో వాళ్ళ చర్చి పక్క హాల్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మైకు ముందు చాలామంది మాట్లాడారు. అందరూ ఆయన విజిలు గురించే చెప్పారు. ఆయన దగ్గర ఎప్పుడో చదువుకున్న ఒక నెరిసిన జుట్టాయన, ఆ విజిలు తలుచుకుంటే ఇప్పటికీ నడుం నిటారుగా అయిపోతుందని చెప్పి, అక్కడే నిటారుగా నిలబడి చూపించారు. చివర్లో ఎవరో "మాస్టారి పుస్తకం టైపు చేసిన అమ్మాయి కూడా వచ్చింది, రెండు ముక్కలు చెబుతుంది" అన్నారు. నేను లేచాను. మైకు దాకా వెళ్ళాను. "నమస్కారమండి" అన్నాను. అది మొదటి ముక్క. రెండోది రాలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. అప్పుడు రాని రెండో ముక్క ఇది.

అప్పట్లో నేను తెనాలిలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. శుభలేఖలు, ప్రశ్నపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు టైపు చేయడం నా పని. మనుషులతో మాట్లాడక్కర్లేని ఉద్యోగమని చేరాను. వచ్చినవాళ్ళతో ఓనరుగారు మాట్లాడేవారు, నేను కంప్యూటరుతో గడిపేదాన్ని. నా టేబులు సొరుగులో ఎప్పుడూ ఒక లైబ్రరీ పుస్తకం ఉండేది. ఓనరుగారు టీకి వెళ్ళగానే సొరుగు తెరుచుకునేది.

ఒకరోజు మెడలో విజిలు, చంకలో పొడుగాటి నోటు పుస్తకం, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లతో ఒక పెద్దాయన లోపలికొచ్చారు. రిటైరై ఆరేళ్ళయినా విజిలు తీయని మనిషి.

"పుస్తకం వెయ్యాలండి," అన్నారు.

"ఏం పుస్తకమండి మాస్టారూ? పాటల పుస్తకమా?" ఓనరుగారు అడిగారు.

"కాదండి. నడక పుస్తకం."

"నడకకి పుస్తకం ఏంటండి? కాళ్ళుంటే చాలు కదా."

"కాళ్ళు అందరికీ ఉన్నాయండి. వాటిని ఎటు తీసుకెళ్ళాలో తెలీక సినిమాకి తీసుకెళ్తున్నారు."

నోటు పుస్తకం నా ముందుకొచ్చింది. పైన పెద్దక్షరాలతో "రేపల్లె నుంచి బాపట్ల దాకా: నడక, తిండి" అని ఉంది. లోపల ఇలా ఉంది.

"పెనుమూడి రేవు. కట్ట మీద ఎనిమిది వందల అంగలు నడవవలెను. ఇక్కడ ఆకలి వేయును."

"నిజాంపట్నం. హార్బరు వద్ద పచ్చి రొయ్యలు దొరుకును. వండి పెట్టువారు కూడా కలరు. ముందుగా నమస్కారం పెట్టవలెను."

"సూర్యలంక. సముద్రమును చూడవలెను. చూచిన వెంటనే బాపట్ల వచ్చి భోజనం చేయవలెను. సముద్రం ఎక్కడికీ పోదు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతున్నట్టు కనపడకుండా నవ్వడం నాకు బాగా అలవాటు. మాస్టారికి మాత్రం కనపడింది. ముప్పై ఏళ్ళు డ్రిల్లు చేయించిన కళ్ళు కదా, వరసలో ఎవరి పెదవి కదిలినా పట్టేస్తాయి.

"ఎక్కడ నవ్వావమ్మాయ్?"

నేను సముద్రం మీద వేలు పెట్టాను.

"అక్కడ నవ్వకూడదు. అది అనుభవం," అన్నారు.

దూరాలన్నీ అంగల్లోనే ఉన్నాయి. కిలోమీటర్లలో రాస్తే బాగుంటుందేమోనని ఓనరుగారు అన్నారు. "కిలోమీటరు రాళ్ళు రోడ్డు మీద ఉంటాయండి. చేలగట్ల మీద, మడ అడవిలో ఎవరు పాతారు? అక్కడ మనతో వచ్చేది మన కాలొక్కటే," అన్నారు మాస్టారు.

అంగలు లెక్కపెట్టడానికి ఆయనకో పద్ధతి ఉండేది. బయలుదేరేటప్పుడు ఎడమ జేబు నిండా చింతగింజలు పోసుకునేవారు. వంద అంగలు పూర్తికాగానే ఒక గింజ తీసి కుడి జేబులో వేసేవారు. చివరికి కుడి జేబు గింజలు లెక్కపెడితే దూరం తెలుస్తుంది. ఒకసారి నిజాంపట్నం దారిలో గంప నెత్తిన పెట్టుకున్న ఒకావిడ "ఏం బాబాయ్, జేబులో ఏంటి అన్నిసార్లు వెతుక్కుంటున్నావ్? ఏమన్నా పోయిందా?" అని అడిగిందట. "లేదమ్మా" అని మర్యాదగా జవాబిచ్చారట. అంతే, లెక్క పోయింది. వెంట వచ్చిన తొమ్మిదిమందినీ మళ్ళీ మొదటికి నడిపించారట. అప్పటినుంచి లెక్కపెట్టేటప్పుడు విజిలు నోట్లో పెట్టుకునేవారు. ఎవరేమడిగినా ఒక కూత అంటే అవునని, రెండు కూతలంటే కాదని. గట్ల మీద ఎదురొచ్చిన రైతులు "భోజనాలయ్యాయా మాస్టారూ?" అంటే రెండు కూతలు వినపడేవి. రెండో కూత కొంచెం దీనంగా ఉండేది.

ప్రార్థనలో కూడా ఆయనకో కొలత ఉంది. అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేయకుండా ముద్ద ముట్టేవారు కాదు. అయితే ఎదురుగా ఉప్మా ఉంటే లోకంలో ఉన్న అనాథలు, రోగులు, ప్రయాణికులు, పాలకులు అందరూ ప్రార్థనలోకి వచ్చేవారు. వేడివేడి రొయ్యల వేపుడు ఉంటే "ప్రభువా, వందనాలు, ఆమెన్." వాళ్ళావిడని నేను పిన్నిగారు అనేదాన్ని. "మీ మాస్టారి ప్రార్థన వింటే చాలమ్మా, నా వంట ఎలా కుదిరిందో తెలిసిపోద్ది," అనేది ఆవిడ.

చూడనిది టైపు చేస్తే తప్పులొస్తాయని ఆయన పట్టు. పిన్నిగారు కూడా వస్తారు కాబట్టి మా అమ్మ ఒప్పుకుంది. అలా ఆదివారాలు కాక మిగతా సెలవు రోజుల్లో, తెనాలిలో పొద్దున్నే రేపల్లె బండెక్కడం నాకు అలవాటైంది. ఎంతో చదివాను గానీ ఎక్కడికీ వెళ్ళినదాన్ని కాదు. మడ చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయని పుస్తకంలో చదివినప్పుడు నమ్మలేదు. చూశాక నమ్మాను.

ఇక లంక సంగతి. పెద్ద లంక కాదు. ఒక చివర పడవ రేవు, రెండో చివర జాలరుల పాకలు, మధ్యలో సరుగుడు తోట పక్కగా ఒకే ఒక కాలిబాట. పాకల దగ్గర నిలబడితే ఎడమ చేతికి నది, కుడి చేతికి సముద్రం. ఆ రోజు మూడున్నరకి తిరుగు పడవ. దాని తర్వాత నీళ్ళు తీసేస్తాయి. పడవ బురదలో కూర్చుంటే మళ్ళీ పోటు వచ్చేదాకా లేవదు. అందుకని రేవు నుంచి కొసకి ఎన్ని అంగలో కచ్చితంగా తెలియాలి.

రేపల్లెలో దిగగానే హోటల్లో ఇడ్లీలు చెప్పారు. పదిమందిలో నోరు తెరిచి తినడం నాకు చచ్చేంత సిగ్గు. "నేను తినే వచ్చానండి," అన్నాను. అబద్ధం. పడవ దిగేసరికి కడుపులో ఇంజను ఆడుతోంది. అప్పుడే మాస్టారు కుడి జేబులో చెయ్యి పెట్టి, ఆ చెయ్యి కిందనుంచి బయటికి రావడం చూసి ఆగిపోయారు. జేబుకి చిల్లు.

"కుట్టమని చెప్పాను కదే!"

"చొక్కాకి చెప్పారు. చొక్కాకి కుట్టాను," అంది పిన్నిగారు.

ఆయన అటూ ఇటూ చూసి, "అమ్మాయ్, ఇవాళ నువ్వే నా కుడి జేబు," అన్నారు. వందకొకసారి గింజ నా చేతికిస్తారు. నేను దాచాలి.

అక్కడ జరిగిన పొరపాటు ఒకటుంది. పిన్నిగారి సంచిలో రెండు పొట్లాలున్నాయి. ఒకదానిలో లెక్కకి పచ్చి చింతగింజలు. రెండోదానిలో తిరుగు రైల్లో నమలడానికి ఇసకలో వేయించిన చింతగింజలు. మాస్టారు చేతికందిన పొట్లం విప్పి ఎడమ జేబులో పోసుకున్నారు. మొదటి గింజ నా అరచేతిలో పడగానే నాకు తెలిసింది. కమ్మటి వాసన.

చెప్పాల్సింది. కానీ విజిలు అప్పటికే నోట్లో ఉంది, లెక్క మొదలైంది. మాట్లాడితే మళ్ళీ మొదటికి.

మొదటి గింజ ఎప్పుడు నోట్లో పెట్టుకున్నానో నిజంగా తెలియదు. తెలిసేసరికి అది పళ్ళ కింద పగిలింది. మాస్టారు ముందు, పిన్నిగారు నా వెనక చాలా దూరంలో, గాలి హోరు. ఎవరికీ వినపడలేదు. రెండోది తెలిసే తిన్నాను. ఆ తర్వాత మూడో నాలుగో దాచి, ఒకటి నమిలి, అలా పాకల దాకా వచ్చాం. గింజలు చేతిలో పోయమన్నారు. పోశాను.

"ముప్పై నాలుగు! మూడు వేల నాలుగు వందలు! అనుకున్నదానికంటే దగ్గరేనే!" అన్నారు సంబరంగా.

ఆ సాయంత్రం డైరీలో రాశాను: "ముప్పై నాలుగూ పదకొండూ నలభై అయిదు." మర్నాడు టైపు చేసేటప్పుడు మాత్రం ఆయన రాసిందే కొట్టాను. మూడు వేల నాలుగు వందలు. పుస్తకం అచ్చయింది.

రెండు నెలలకి అంగలకుదురు నుంచి లెక్కల మాస్టారు సెంటరుకి వచ్చారు. డ్రిల్లు మాస్టారూ ఆయనా ఒకే స్కూల్లో పనిచేశారు. ఆరడుగుల మనిషి, రోజూ కలవకపోతే తోచదు, కలిస్తే పడదు. ఆ సమయానికి డ్రిల్లు మాస్టారు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు.

"ఏమయ్యా డ్రిల్లూ! నీ పుస్తకం నమ్మి మా వియ్యపురాలిని లంకకి తీసుకెళ్ళాను."

"వెళ్ళావా? పీతలు తిన్నారా?"

"పీతలే మమ్మల్ని తిన్నాయి! నువ్వు రాసిన లెక్కన కొస దగ్గర బయలుదేరాం. రేవు కనపడేసరికి పడవ వెళ్ళిపోతోంది. రాత్రి పోటు వచ్చేదాకా బురదలో కూర్చున్నాం. ఆవిడ కొత్త చెప్పు ఒకటి బురద మింగేసింది. 'మా పిల్లని మీ ఇంటికిచ్చి ఎంత పొరపాటు చేశామో ఇవాళ తెలిసిందండి అన్నయ్యగారూ' అంది. ముప్పై నాలుగు వందలంటావేంటి? నేను లెక్కపెట్టాను. నాలుగు వేల వంద! ఏడొందలు ఎక్కడికి పోయాయయ్యా?"

ఎక్కడికి పోయాయో తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. ఆమె స్క్రీను వైపు చూస్తూ ఒకే పెళ్ళికూతురికి నాలుగుసార్లు "చి.ల.సౌ." తగిలించింది.

మాస్టారు ఎదురు మాట్లాడతారనుకున్నాను. ఆయన పుస్తకం తీసి ఆ పేజీ చూసుకున్నారు.

"మా అన్నయ్యకీ ఇలాగే మొదలైందోయ్," అన్నారు. "ముందు లెక్కలు తప్పాడు. తర్వాత దారులు తప్పాడు. చివరికి నన్ను చూసి ఎవరు బాబూ నువ్వు అన్నాడు."

మెడలోంచి విజిలు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. లెక్కల మాస్టారు గొంతు తగ్గించి "నేను వియ్యపురాలి గురించి అన్నానండి, అంతే," అని మా ఓనరుగారికి సంజాయిషీ ఇచ్చుకున్నారు.

ఆరు నెలలు నడకలు ఆగిపోయాయి. ఒకరోజు పిన్నిగారు సెంటరు ముందు ఆగి నన్ను బయటికి పిలిచింది.

"మెట్లు లెక్కపెడుతున్నారమ్మా. మా ఇంటికున్నవే ఏడు. దిగేటప్పుడు ఏడొచ్చినా నమ్మకం లేదు, ఎక్కేటప్పుడు నన్ను లెక్కపెట్టమంటారు. నిన్న పప్పులో ఉప్పు లేదు. 'చూశావా, వేయడం మర్చిపోయాను' అని తల పట్టుకున్నారు. వండింది నేను!" నవ్వబోయి ఆగిపోయింది. "డాక్టరు దగ్గరికి రమ్మంటే రారు. ఆయనేం చెబుతాడోనని భయం. వాళ్ళన్నయ్యని చూశారు కదా."

ఇక చెప్పక తప్పదు. వాక్యం తయారు చేసుకున్నాను. "మాస్టారూ, ఆ రోజు గింజలు నేను తిన్నాను." డైరీలో మూడుసార్లు రాశాను. ఒకసారి "క్షమించండి" చేర్చాను, ఒకసారి తీసేశాను. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు వరండాలో కుర్చీలో ఉన్నారు. మెడ బోసిగా ఉంది.

"ఏంటమ్మాయ్?"

"మాస్టారూ..."

"చెప్పు."

"ఇంకోసారి నడుద్దామండి," అన్నాను. ఈ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నేను రాసుకున్నది ఇది కాదు.

ఆయన లోపలికి తిరిగి, "ఏమే, ఈ అమ్మాయి తనంతట తను ఒక మాటంది! విన్నావా?" అన్నారు. తర్వాత జేబులోంచి విజిలు తీసి చూసుకున్నారు. "వాణ్ణి కూడా రమ్మను," అన్నారు చివరికి. అంటే లెక్కల మాస్టారిని.

ఈసారి పచ్చి చింతగింజలు నేనే మా ఇంటినుంచి తెచ్చాను. రేపల్లెలో నాలుగు ఇడ్లీలు, మీద ఇంకో రెండు, అందరి ఎదుటా తిన్నాను. పిన్నిగారు కొత్త పిల్లని చూసినట్టు చూసింది. జేబు కుట్టించారు గానీ, గింజలు నా చేతికే ఇమ్మని అడిగాను. వచ్చినవి వచ్చినట్టు రుమాల్లో మూటకట్టాను. నా పక్కనే లెక్కల మాస్టారు, పెన్సిలుతో కాగితం మీద గీతలు పెట్టుకుంటూ, పొడుగాటి కాళ్ళతో. మధ్యలో వచ్చిన వర్షాకాలం నుంచీ డ్రిల్లు మాస్టారికి మోకాలు నొప్పి. కుంటుతూనే నడిచారు. నోట్లో విజిలు ఉంది గానీ ఒక్క కూత కూడా లేదు.

పాకల దగ్గర మూట విప్పారు. పిన్నిగారు లెక్కపెట్టింది, నేను లెక్కపెట్టాను, ఆయన లెక్కపెట్టారు. నలభై తొమ్మిది.

"నాది నలభై ఒకటే," అన్నారు లెక్కల మాస్టారు. "మళ్ళీ తప్పావు!"

మాస్టారి మొహం చూడలేకపోయాను. ఇప్పుడు చెప్పేయాలి అనుకుని ఒక అడుగు ముందుకేశాను. కానీ లెక్కల మాస్టారు మాట నెగ్గించుకునే మనిషి. "రావయ్యా, పది అంగలు నడువు, ఎక్కడ తప్పుతున్నావో చూపిస్తా," అని తడి ఇసకలో గీత గీశారు. ఇద్దరూ గీత మీద నిలబడి పది అంగలు వేశారు. లెక్కల మాస్టారు ఎక్కడో ఉన్నారు. డ్రిల్లు మాస్టారు చాలా వెనక ఉన్నారు. ఇద్దరూ పదే వేశారు.

మాస్టారు తన పాదముద్రలు చూసుకున్నారు. వంగి మోకాలు తడుముకున్నారు.

"ఒరేయ్, పోయినసారి ఈ నొప్పి లేదు."

"అయితే?"

"అయితే ఏంటి? అప్పుడు అంగ పెద్దది, ముప్పై నాలుగొచ్చింది! ఇప్పుడు అంగ చిన్నది, నలభై తొమ్మిదొచ్చింది! పోయింది మతి కాదురా, మోకాలు! మోకాలే!"

లెక్కల మాస్టారు ఇసకలో వేలితో గుణించారు. "కుదరదు. ఈ లెక్కన పోయినసారి నీ అంగ నా అంగ కంటే పెద్దదవ్వాలి. నువ్వేమన్నా వామనావతారానివా?"

"ఉత్సాహంలో నడిచానయ్యా! కొస దగ్గర పీతల పులుసు ఉందన్నారు!"

"పులుసుకి కాళ్ళు సాగుతాయా?"

"నీకేం తెలుసు, నీకు అరగదు!"

విజిలు నోట్లో పెట్టుకుని ఊదారు. లంక మొత్తానికి వినపడేలా. పాకల్లోంచి ఆడవాళ్ళు బయటికొచ్చి చూశారు. ఆ మొహం నేను మర్చిపోలేను. ఆరు నెలల బరువు దిగిన మొహం. నా వాక్యం నోటిదాకా వచ్చి ఉంది. ఆ మొహం చూసి మింగేశాను. లెక్కల మాస్టారు ఇసకలో తన లెక్కనీ స్నేహితుణ్ణీ మార్చి మార్చి చూశారు. తర్వాత చెప్పు కాలితో లెక్క చెరిపేసి, "సరేలే, వామనుడివే," అన్నారు. అంత పెద్ద అబద్ధం ఆయన లెక్కల్లో ఎప్పుడూ ఒప్పుకుని ఉండరు.

అప్పుడే దూరంగా పడవ ఇంజను వినపడింది. వెళ్ళిపోతోంది.

పాకల్లో ఒకామె పీతల పులుసు పెట్టింది. ఆ రోజు మాస్టారి ప్రార్థన మాకెవరికీ అర్థం కాలేదు. ఎదురుగా పొగలు కక్కే పులుసు ఉన్నా, ఆయన చాలాసేపు కళ్ళు తెరవలేదు.

రెండో ముద్రణలో మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చమన్నారు. "ఈ పుస్తకంలోని దూరములు రచయిత కాళ్ళకు, అది కూడా వారి మోకాలు బాగున్న రోజులకు మాత్రమే వర్తించును." టైపు చేశాను.

తర్వాత నాకు బాపట్లలో ఒక లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. మాట్లాడరాదు అని గోడ మీద రాసి ఉండే చోటు. శనివారం తెనాలి వచ్చి సోమవారం పొద్దున్నే బండెక్కేదాన్ని. మాస్టారు గట్లు మానేసి తెనాలి స్టేషన్లో ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవారు. మతి చివరిదాకా చెక్కుచెదరలేదు. చెవులు మాత్రం మందగించాయి. సోమవారం సోమవారం కిటికీ దగ్గర నిలబడి, బాపట్లలో ఏ హోటల్లో ఏం బాగుందో నాతో చెప్పించుకునేవారు.

రెండు నెలల క్రితం ఒక సోమవారం బండి కదిలింది. కదిలిన బండిలోంచి చెప్పడం తేలికని నాకు అప్పుడే తెలిసింది. కిటికీ ఊచలు పట్టుకుని, ఇన్నేళ్ళుగా దాచిన ఆ ఒక్క వాక్యం అనేశాను, నాకున్న గొంతుతో. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆ మోకాలితోనే బండి పక్కన నాలుగంగలు వేశారు.

"ఏంటమ్మాయ్? వినపడలేదు, గట్టిగా చెప్పు!"